జానుస్తంభన విజయము

సూర్యుడు ఉదయించెనో అస్తమించెనో ఎరుగని చోటు, వాన కురిసిన సంగతి లోపలికి వచ్చినవారి గొడుగు తడిని చూచి తెలుసుకొనవలసిన చోటు, కిటికీ అన్నది లేక గాలి సైతము గొట్టములలో నుండి కొలిచి వదలబడు చోటు అయిన ఆ భూగర్భ ప్రయోగశాలలో, వేసవి ముగియవచ్చిన ఒకానొక శనివారమునాడు, భోజనానంతర నిద్రాదేవీ సంచార సమయమున, ఒక మహావీరుడు తన కుడి మోకాలిని గంటసేపు కదలకుండ నిలిపిన గాథను చెప్పబోవుచున్నాను. నవ్వకుడు. కోటలు పట్టినవారిని గూర్చి చెప్పుటకు చాలమంది కలరు, వారికి సన్మానములును జరుగుచున్నవి. మోకాలిని గూర్చి చెప్పుటకు నేనొక్కడనే మిగిలితిని.

విజ్ఞాన శాస్త్రమునందును ఇంజనీరింగునందును పరిశోధన చేయు విద్యార్థులను ఒక్క వేసవి కాలమునకు పరదేశపు ప్రయోగశాలకు పంపు పథకమొకటి కలదు. అందులో మొదటి సగము తలుపు తెరచుకొను కార్డు సంపాదించుటకును, చివరి సగము పెట్టె బరువు తగ్గించుకొనుటకును చెల్లిపోవును. ఈ రెంటి నడుమ మిగిలిన సందులో విజ్ఞానమును ఆర్జింపవలెను. ఆ సందులో దూరిన సాహసవంతురాలు మన పొరల పిల్ల.

ఆమెకు ఆ పేరు ఎందుకు వచ్చెననగా, ఉల్లిపొర కంటె పల్చనైన ఒక పొరను తానే తయారుచేసి, దానికి ఎంత బరువు వ్రేలాడదీసినను గంటసేపటిలో వెంట్రుకవాసి కూడ సాగదని ఆమె ప్రతిపాదించెను. ఆ మాట నిజమైనచో సాగుడును కొలుచు సూక్ష్మయంత్రపు తెరపై తిన్నని గీత వచ్చును. ఆ గీత లేనిదే ఆమె సిద్ధాంత వ్యాసమునకు మూడవ అధ్యాయము లేదు, అది లేనిదే పట్టా లేదు. అట్టి యంత్రము స్వదేశమున లేనందుననే ఆమె ఇంత దూరము వచ్చెను. "గీత తీసుకునే రామ్మా, లేకపోతే టాపిక్ మార్చేద్దాం" అని అక్కడి గైడు నవ్వుచు సాగనంపెను. నాలుగేండ్ల కష్టము ఆ నవ్వు చివర వ్రేలాడుచుండెను.

ఆ యంత్రము మహా సుకుమారి. గాలి దిండ్లపై తేలు రాతిపలక మీద కూర్చుండి, గట్టిగా తుమ్మినను అలుగును. దానికి తగినట్లు ప్రయోగశాల వారు కఠోర శాసనమొకటి చేసిరి: యంత్రము పనిచేయుచున్నంతసేపు ఇద్దరు మనుష్యులు కంప్యూటరు బల్ల యొద్ద కూర్చుండవలెను. ఒకరు తెరను చూడవలెను. రెండవవారు ఎర్ర మీట చేతికందు కుర్చీలో, ఆపద వచ్చినచో నొక్కుటకు సిద్ధముగా ఉండవలెను. ఆ రెండవ కుర్చీకి శిక్షణ పొందినవాడు ఆ ఏటి విద్యార్థులలో ఒక్కడే.

అతడే మన కథానాయకుడు, ప్రకంపన శాస్త్ర పారంగతుడు, యంత్రరోగ నిదాన నిపుణుడు, ఊగు వంతెనలను కాగితముపై నిలిపిన మహామేధావి. కళాశాలలో తోటివారు అతనిని మోటారు అని పిలిచెడివారు. మోటార్లపై తనకున్న పాండిత్యమునకు మెచ్చి పెట్టిన బిరుదని అతడు ఇన్నేండ్లుగా మురిసిపోవుచుండెను. తన పని ముందే ముగిసిపోయినను, ఊరు చూచుటకు పోక, ఎవరో తెలియని ఈ పిల్ల కొరకు దినదినము ఆ కుర్చీలో కూర్చుండెను. అడుగగా, "ఒక్కదానివే ఏం తంటాలు పడతావు చెల్లాయ్" అనెను. ఆ మాటకు ఆమెకు కడుపు నిండిపోయెను.

అయినను గీత తిన్నగా రాలేదు. వచ్చిన ప్రతి గీతయు చిరు అలలతో వణకుచుండెను. పొరను మార్చిరి, బరువును మార్చిరి, యంత్రమును బతిమాలిరి, అల మాత్రము తగ్గలేదు. ఆ ప్రయోగశాల ఆచార్యుడు ఆ అలలను చూచి కన్నులు విప్పార్చి, ఇది పొరలోని ఏదో అపూర్వ గుణము కావచ్చుననెను. పొరల పిల్ల వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టెను. అపూర్వ గుణమనగా ఇంకొక నాలుగేండ్లు.

అంతట మోటారు సింహము వలె గర్జించి శత్రువును తానే పట్టి తెత్తునని బయలుదేరెను. లిఫ్టును అనుమానించి సగము దినము ఆపించెను. నీటి పంపు చూచువానితో పోట్లాడెను. పై అంతస్తులోని బట్టల యంత్రమునకు చెవి ఆనించి వినుచుండగా, బట్టలు ఉతుకుకొనుచున్నవారు భయపడి దూరముగా జరిగిరి. ఇందులో ఒక చిక్కు కలదు. అతడు శత్రువును వెదకుటకు కుర్చీ నుండి లేచినప్పుడెల్ల, రెండవ మనిషి లేనందున యంత్రమును ఆపివేయవలసి వచ్చుచుండెను. అతడు తిరిగి వచ్చి కూర్చుండిన పిమ్మటనే గీత మరల మొదలగును. అలయు మొదలగును.

ఒకనాడు అతడు అలలను గణితశాస్త్ర గానుగలో వేసి పిండి, తీర్పు చెప్పెను.

"లెక్క తేలింది చెల్లాయ్. సెకనుకు ఐదు ఊపులు. మూడు నాలుగు కిలోల వస్తువు. ఒక చివర బిగించి ఉంది, రెండో చివర వదులుగా ఉంది. ఈ బల్లకి చాలా దగ్గర్లో ఉంది. అంత చెత్తగా బిగించిన మెషీన్ ఎవడిదో గానీ, దొరికాడంటే మాత్రం ఊరుకోను!"

ఆ లెక్కలో ఆవగింజంత తప్పు లేదు. విజ్ఞానమునకు అంతకంటె కచ్చితమైన సాక్ష్యము వేరొకటి దొరకదు. అతడు బల్ల క్రిందికి వంగి చూడలేదు, అంతే.

చివరి శనివారమునకు ముందటి సాయంకాలము ఇద్దరును భోజనశాలలో ఎదురెదురుగా కూర్చుండిరి. రేపే ఆఖరి అవకాశము. ఆపై సోమవారము ముగింపు సభలో అందరును తమ తమ ఫలితములు చూపి ఇండ్లకు పోవలెను. పొరల పిల్లకు ముద్ద దిగలేదు. ఊరక గ్లాసులోని నీటి వంక చూచుచుండెను. నీరు చిన్న చిన్న వలయములుగా వణకుచుండెను. పరిశోధకురాలి అలవాటు ఎక్కడికి పోవును? గోడ గడియారము చూచి లెక్కించెను. సెకనుకు ఐదు.

ఆమె చెంచాను కావలెనని జారవిడిచి, తీసుకొను నెపమున బల్ల క్రిందికి వంగెను. అచ్చట ఆమె కనినది ఏమని వర్ణింతును! తక్కిన దేహమునకు ఏ సంబంధము లేనట్లు, పైన జరుగు సంభాషణతో నిమిత్తము లేనట్లు, మడమ నేలనంటక, బల్ల కాలికి ఆనుకొని, కుట్టుమిషను సూది వలె ఆడుచున్న ఒక మోకాలు. నిజమే, ప్రయోగశాలలో యంత్రపు తీగను అతడు కూర్చుండు కంప్యూటరు బల్లకే బిగుతుగా కట్టియుండిరి, బల్ల ఊగినచో తీగ వెంట యంత్రమునకును ఆ ఊపు ప్రాకును. సడలించినచో మరల సరిచూచుటకు వారము పట్టును గనుక ఎవరును ముట్టరాదని చీటీ కూడ అంటించిరి.

ఆమెకు మొదట ఒళ్ళు మండెను. గ్లాసు ఎత్తి నెత్తిన పోయవలెననిపించెను. అంతలోనే, తన కొరకు కూర్చుండినవాడు, తన కొరకు పంపువానితో తగవులాడినవాడు, ఎట్లు చెప్పుదునని కన్నులు చెమర్చెను.

"అన్నయ్యా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవుగా?"

"అడుగు."

"నువ్వు కాళ్ళు ఊపుతావా?"

"నేనా? ఛ! చిన్నప్పుడెప్పుడో ఉండేది. మా అమ్మ తిట్టి తిట్టి మాన్పించేసింది."

"ఒకసారి కిందికి చూడు."

అతడు చూచెను. పంతులుగారు గదిలో అడుగుపెట్టగనే సద్దుమణిగిన తరగతి వలె, యజమాని చూపు పడగనే మోకాలు ఆగిపోయెను.

"ఏదీ? ఊగట్లేదుగా."

"కాలు వంక కాదు. ఇప్పుడు గ్లాసు వంక చూడు. అలా చూస్తూనే ఉండు."

అతడు గ్లాసును చూచెను. నీరు కాసేపు నిలకడగా ఉండి, పిమ్మట మెల్లమెల్లగా వలయములు కట్టెను. మోటారు ముఖమున కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"అయితే నన్ను మోటారని పిలిచేది... దీనికా?"

"దానికే అయ్యుంటుంది."

"మరి నీ గీత?"

"అదీ ఇదే."

"ఇన్నాళ్ళూ నేనేనా? లిఫ్టు ఆపించానే! పైనుండే పెద్దాయన మెట్లెక్కలేక నన్ను తిట్టుకున్నాడే! పంపు చూసేవాడి కాళ్ళు పట్టుకోవాలి ఇప్పుడు." తల పట్టుకొని, "ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో చెల్లాయ్. నేను నీ ఛాయలకి కూడా రాను" అనెను.

"ఎవరున్నారు? రేపు అందరూ ట్రిప్పుకి పోతున్నారు. ఆ కుర్చీకి ట్రైనింగ్ అయింది నీకొక్కడికే. నువ్వే రావాలి, నువ్వే కూర్చోవాలి. ఒక్క గంట కదలకుండా. నాకు ఇంకో దారి లేదన్నయ్యా."

ఆ పలుకులు విని ఆ వీరుడు ఎర్రబారిన నేత్రములతో తన గదికి పోయి, జానుదమన సాధనకు ఉపక్రమించెను. మోకాలిపై బరువైన పాఠ్యపుస్తకము పెట్టెను, పుస్తకము ఊగెను. బెల్టుతో కాలిని కుర్చీకి కట్టెను, కుర్చీ ఊగెను. కాలును మడిచి దానిపైననే కూర్చుండెను, అంతవరకు ఏ పాపమెరుగని ఎడమకాలు ఊగుట మొదలుపెట్టెను. దిక్కుతోచక ఇంటికి ఫోను చేసెను.

"అమ్మా, నేను కాళ్ళు ఊపుతానా?"

"ఇది అడగడానికి అంత దూరం నుంచి ఫోన్ చేశావా? ఊపుతావు. కడుపులో ఉన్నప్పటి నుంచీ ఊపుతున్నావు."

"మాన్పించేశావు కదా!"

"విసుగొచ్చి నేను తిట్టడం మానేశాను. నువ్వు ఊపడం మానలేదు."

"ఒక్క గంట ఆపాలమ్మా. ఒక పిల్ల చదువు ఆగిపోయేలా ఉంది నా వల్ల."

ఆ మాటకు తల్లి గొంతు మెత్తబడెను.

"నీ చెల్లెలు పసిపిల్లప్పుడు నీ మోకాలి మీద తల పెట్టుకుని పడుకునేదిరా. అది లేచేదాకా నువ్వు ఊపిరి కూడా గట్టిగా తీసేవాడివి కాదు. ఒళ్ళు తిమ్మిరెక్కినా పిలిచేవాడివి కాదు. నీ కాలు ఆగడం నేను చూసింది అప్పుడొక్కటే."

"ఇప్పుడది ఇంజనీరింగ్ చదువుతోంది కదమ్మా, ఇక్కడికెలా వస్తుంది?"

"మొద్దు వెధవా! అది రావక్కర్లేదు. ఉందనుకో."

మరునాడు తోటివారెల్ల టోపీలు ధరించి బస్సునెక్కి విహారమునకు తరలిపోగా, మన ఇద్దరును భూగర్భమున ప్రవేశించిరి. పొరల పిల్ల పొరను తగిలించి, బరువును వ్రేలాడదీసి, యంత్రమును నడిపించి, దేవుళ్ళందరికి ఒకేసారి మొక్కెను. మోటారు రెండవ కుర్చీలో కూర్చుండి, పాదములు నేలనానించి, చేతిని ఎర్ర మీట సమీపమున నిలిపి, ఖాళీ మోకాలి వంక వాత్సల్యముతో చూచెను. యుద్ధము మొదలయ్యెను.

కొంత సమయము గడచునంతలో కుడికాలి లోపలి నుండి ఒక దురద వంటి, గిలి వంటి, ఆకలి వంటి వేగము బయలుదేరి తొడలోనికి ప్రాకెను. అంతట జానుదైత్యుడు మౌనము వీడి మేఘగంభీర స్వరమున ఇట్లనెను:

"ఓరీ కృతఘ్నుడా! నడక నేర్చిన నాటి నుండి నిన్ను మోయుచున్న నన్నా నీవు బంధించుట! పరీక్షా భవనమున జవాబు తోచక నీవు నీరుగారిపోవు వేళ నీకు దన్నుగా నిలిచినదెవరు? మౌఖిక పరీక్షలలో పైన నీవు చిరునవ్వు నటించుచుండగా, బల్ల క్రింద నీ భయమంతటిని ఏకాకినై మోసినదెవరు? నేను కదలనిచో నీ కంగారు ఎటు పోవును? గొంతులోనికి ఎక్కును, కంటిలోనికి ఎక్కును. తాళలేవు. ఒక్క ఊపు చాలు. ఒక్కటి వలదన్నచో సగము. ఎవరు చూడవచ్చిరి?"

ఆ వాదమున సత్యము లేకపోలేదు. ఏ కాలు ఊగినను దాని పైన కంగారుపడు మనిషి ఒకడుండును. మోటారు నుదుట చెమట పట్టెను, గొంతు నిజముగనే పూడుకుపోయెను. ఇట్టి మహోపన్యాసమునకు ప్రత్యుత్తరముగా అతడు మనస్సులో అనుకొనినది ఇంతే: "అరవకురా. పాప పడుకుంది."

దైత్యుడు నిర్ఘాంతపోయెను. ఇట్టి ఆయుధమును అతడు ఊహింపలేదు.

సరిగ్గా అప్పుడు గదిలోని దీపములన్నియు టప్పున ఆరిపోయెను. ఆ దీపములు మనుష్యుల కదలికను పసిగట్టి వెలుగునట్టివి, ఎవరును కదలనిచో గది ఖాళీగా ఉన్నదని తలచి ఆరిపోవునట్టివి. తక్కిన విద్యార్థులు పని నడుమ చేతులు విసరి విసరి వాటిని వెలిగించుకొనుచుందురు. మోటారు ఉన్న గదిలో అవి ఆరిపోవుట ప్రయోగశాల చరిత్రలోనే ప్రథమము. ఇచ్చట ఏ ప్రాణియు లేదని విద్యుద్దీపములే సాక్ష్యము పలికిన ఆ క్షణమున ఆకాశము నుండి పూలు కురియవలసినది, పైన రెండు అంతస్తులు ఉన్నందున కుదరలేదు.

తెర వెలుగు బల్ల పైకే గాని క్రిందికి పోలేదు. పొరల పిల్లకు ఇక అతని కాలు కనబడదు. నమ్మవలెను, అంతే. ఆమె కన్నులలో వత్తులు వేసుకొని గీతను చూచుచుండెను. గీత తిన్నగా పోవుచుండెను. ఇంకను తిన్నగా పోవుచుండెను. ఇంత తిన్నని గీతను ఆమె కలలో కూడ చూడలేదు. సంతోషము ఉప్పొంగి గొంతుదాకా వచ్చెను.

అంతలో గీతపై చీమ తలంత బుడిపె ఒకటి లేచెను.

ఆమె ప్రాణము చివుక్కుమనెను. కంటి కొసతో అతనిని కాల్చివేయునట్లు చూచెను. చీకటిలో ఆ వీరుడు పెదవులు కదల్పకయే గాలి వంటి గొంతుతో, "నేను కాదు చెల్లాయ్... నువ్వు" అనెను.

ఆమె చేతిని మెల్లగా బల్ల క్రిందికి పోనిచ్చి తన కాలిని తాకి చూచుకొనెను. ఆమె కాలు, దీపములకు కూడ తెలియనంత మెల్లగా, ఊగుచుండెను! జన్మలో ఎన్నడును ఊగని కాలు, ఆనందము పట్టలేక, ఎవరినీ అడుగకయే ఊగుట నేర్చినది. ఆమె సిగ్గుతో రెండు చేతులను మెల్లగా మోకాలిపై అదిమి, పంటి బిగువున కాలును ఆపెను. బుడిపె అణగెను. అప్పటికి గాని, మనిషి తనకు తెలియకుండ కాలు ఎట్లు ఊపునో ఆమెకు తెలిసిరాలేదు. నిన్న గ్లాసు ఎత్తి పోయనందుకు తనను తాను మెచ్చుకొనెను.

తుదకు యంత్రము పిచ్చుక వలె కిచుమని ముగింపు పలికెను. ఆమె చివాలున లేచెను. దీపములు భళ్ళున వెలిగెను.

"వచ్చేసింది అన్నయ్యా! వచ్చేసింది! లే, చూడు!"

"లేవలేను. కాలు ఉందో లేదో తెలియట్లేదు."

తిమ్మిరెక్కిన కాలితో అతడు లేచి రెండడుగులు వేసి కూలబడబోగా, ఆమె భుజమునిచ్చి నిలబెట్టెను. ఇద్దరును గోడ పట్టుకొని నవ్విరి. నవ్వుచునే ఆమె ఏడ్చెను. అతడు తాను ఏడ్వలేదని, చెమట కంటిలో పడినదని చెప్పెను. ఎవరు అడిగిరని?

సోమవారమునాటి ముగింపు సభలో తక్కినవారు రంగురంగుల కొండలును లోయలును గల గీతలను తెరపై చూపి చప్పట్లు కొట్టించుకొనిరి. పొరల పిల్ల వంతు రాగా, తెల్లని తెరపై ఈ చివరి నుండి ఆ చివరికి ఒక నల్లని గీత కనబడెను. ముందు వరుసలోని పెద్ద ఆచార్యుడు కళ్ళజోడు సవరించుకొని, "ఇందులో ఏమీ జరగలేదు కదమ్మా?" అని అడిగెను.

"లేదండీ. గంటసేపు ఏమీ జరగనివ్వలేదు."

"మరి ఈ మధ్యలో చిన్న బుడిపె ఉందేమిటి?"

"అది నా కాలండీ. మిగతా గీతంతా మా అన్నయ్యది."

వెనుక వరుసలో మోటారు తల దించుకొనెను. ఆచార్యునికి ఒక్క ముక్క అర్థము కాలేదు గాని, పొర సాగలేదన్న సంగతి మాత్రము గీత నుండి చక్కగా బోధపడి, తల పంకించి, ముందుగా తానే చప్పట్లు చరచెను. స్వదేశపు గైడునకు ఆమె అదే గీతను పంపగా, "మూడో అధ్యాయం రాసేయమ్మా" అని క్షణములో జవాబు వచ్చెను. ఆమె దానిని వెనుక వరుసకు పోయి అతనికి చూపెను.

కనుక ఓ జనులారా, చాటుచున్నాను, చెవులు రిక్కించి వినుడు! ఆ శనివారము మధ్యాహ్నము లోకములో ఎన్నెన్నో జరిగియుండును, వాటిని చెప్పుకొనువారు చెప్పుకొందురు గాక. ఆ బల్ల క్రింద మాత్రము, ఒక చెల్లెలి చదువు కొరకు ఒక అన్న ఒళ్ళు చచ్చుబడునంతగా పాటుపడినందున, ఏమియు జరుగలేదు. జయము!